ఊరివాళ్ళు వెళ్ళే బీచ్‌లో మనకెందుకు బోర్ కొడుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సముద్రం ఉన్న నగరానికి కొత్తగా మారారు, పేరున్న పెద్ద బీచ్‌కి మూడు ఆదివారాలు వెళ్ళి జనంతో, ఎండతో, తలనొప్పితో తిరిగొచ్చారు. ఆఫీసులో వాళ్ళు "అక్కడికెవరు వెళ్తారండీ, మేమంతా ఆ చివర చిన్న బీచ్‌కి వెళ్తాం" అంటే అక్కడికీ వెళ్ళారు. ఇసుక, నీళ్ళు, అక్కడక్కడా కూర్చున్న పది మంది తప్ప ఏమీ కనపడలేదు, అరగంటలో విసుగొచ్చి లేచి వచ్చేశారు. ఊరివాళ్ళకి అందులో ఏం కనపడుతుందో చెప్పమంటున్నారు.

ఉద్యోగం పుణ్యమా అని నేను 20 ఏళ్ళుగా ఏదో ఒక సముద్రం పక్కనే ఉంటున్నాను. ఈత 30 దాటాక నేర్చుకున్నాను. ఒక 4 ఏళ్ళు శని, ఆదివారాలు లైఫ్‌గార్డుల దగ్గర వాలంటీరుగా నిలబడ్డాను, అంటే నా పని ఎక్కువగా "అటు వెళ్ళకండి బాబూ" అని అరవడమే. కాబట్టి కింద రాసేదాంట్లో కొంత హాయి గురించి, కొంత ప్రాణం గురించి, రెండూ కలిసిపోయి ఉంటాయి, విడదీయడం నాకు చేతకాలేదు.

ముందు సూటిగా ఒక మాట. మీరు వెళ్ళింది ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకి, రెండు బ్యాగుల సామానుతో, చీకటి పడేదాకా ఉండి తీరాలన్న పట్టుదలతో (మీరే రాశారు). ఊరివాళ్ళు ఆ బీచ్‌కి అలా వెళ్ళరు. పొద్దున్నే ఒక 40 నిమిషాలు వస్తారు, లేకపోతే పని నుంచి ఇంటికి పోతూ చెప్పులు చేత్తో పట్టుకుని ఒక అరగంట నడుస్తారు, వారంలో మూడు నాలుగుసార్లు. ఇవాళే అంతా పిండుకోవాలన్న ఆత్రం ఉండదు, రేపు ఎలాగూ వస్తారు కదా. పండక్కి వచ్చిన చుట్టం హాల్లో బిర్రబిగుసుకుని కూర్చుంటాడు, ఇంట్లో మనిషి అటు తిరిగి ఇటు తిరిగి వంటింట్లో ఏదో నోట్లో వేసుకుని పోతాడు. మీరు చుట్టంలా వెళ్ళారు, అంతే తేడా.

అసలు ఒక బీచ్ ఊరివాళ్ళదిగా ఎందుకు మిగిలిపోతుందో తెలిస్తే సగం పని అయినట్టే. జనం ఒకచోట పోగవడానికి చాలాసార్లు కారణం అక్కడి ఇసుక గొప్పదనం కాదు, బస్సు అక్కడ ఆగుతుంది, అంతే. స్పెయిన్‌లోని బార్సిలోనా సంగతి చూడండి. 1992 ఒలింపిక్స్‌కి ముందు ఆ తీరంలో చాలా భాగం ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు. క్రీడల పేరుతో అవన్నీ తీసేసి, ఇసుక తెచ్చి పోసి వరసగా బీచ్‌లు తయారుచేశారు. పాత ఊరికి ఆనుకుని ఉన్న బార్సెలోనెటాలో వేసవిలో తువ్వాలు పరవడానికి చోటుండదు, అదే ఒడ్డు పట్టుకుని ఈశాన్యంగా బొగాటెల్ మీదుగా మార్ బెల్లా వైపు నడుచుకుంటూ పోతే జనం పలచబడుతూ వస్తుంది. అవే నీళ్ళు, అదే ఎండ. మధ్యలో ఉన్నది ఓపికగా వేసే కొన్ని వేల అడుగులు. కాబట్టి కొత్త ఊళ్ళో ఇంకేమీ తెలియకపోయినా, మెట్లు దిగిన చోట ఆగకుండా ఒక పావుగంట పక్కకి నడవండి, పదిలో ఎనిమిది ఊళ్ళలో అది చాలు.

బ్రెజిల్‌లోని రియోలో ఇంకో పద్ధతి ఉంది, నాకు బాగా నచ్చుతుంది. కోపకబానా, ఇపనేమా బీచ్‌ల ఒడ్డు పొడవునా లైఫ్‌గార్డు టవర్లకి వరసగా నంబర్లు ఉంటాయి, పోస్టో అంటారు. ఊరివాళ్ళు "బీచ్‌లో కలుద్దాం" అనరు, నంబర్ చెప్పుకుంటారు. ఇపనేమాలో 9వ పోస్టో దగ్గర చేరే గుంపు వేరు, ఇంకో నంబర్ దగ్గర చేరే గుంపు వేరు. బయటివాళ్ళకి అదంతా ఒకటే ఇసుక, వాళ్ళకి మాత్రం అవి వేరు వేరు వీధులు. మీ బీచ్‌లో నంబర్లు లేకపోయినా ఇలాంటి వీధులు ఉంటాయి, నాలుగుసార్లు వెళ్తే వాటంతటవే కనపడతాయి: ఈత కొట్టే పెద్దవాళ్ళు ఒక రాయి దగ్గర, బంతాట పిల్లలు గట్టి ఇసుక ఉన్న చోట, కుక్కల్ని తెచ్చేవాళ్ళు ఆ చివర, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాళ్ళు గోడ నీడలో. మీరు ఏ వీధి మనిషో తేల్చుకోండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. జనం లేని చోటల్లా ప్రశాంతమైన చోటు అనుకోకండి, జనం ఎందుకు లేరో ముందు కనుక్కోండి. దూరమనో, దుకాణాలు లేవనో, బండి పెట్టుకోవడానికి చోటు లేదనో రాకపోతే అది మనకి లాభం. నీళ్ళు లాగేస్తాయనో, మురికి కాలువ అక్కడే కలుస్తుందనో రాకపోతే మనం కూడా రాకూడదు. దీనికి నేను వాడే గుర్తు ఒకటుంది: ఒడ్డున ఎంతమంది ఉన్నారన్నది వదిలేసి, నీళ్ళలో ఎవరున్నారో చూడండి. పిల్లలు, ముసలివాళ్ళు నడుము లోతులో కబుర్లు చెప్పుకుంటున్నారంటే మంచిదే. ఒడ్డు నిండా మనుషులుండి, నీళ్ళలో మోకాలు దాటి ఒక్కరూ లేరంటే, ఆ ఊరికి ఏదో తెలుసు, మీకు తెలియదు. చెన్నైలో మెరీనా కంటే కాస్త నెమ్మదైన బీచ్ ఏదంటే బెసంట్ నగర్ ఇలియట్స్ బీచ్ పేరు చెప్తారు, సాయంత్రాలు అక్కడ కూర్చోవడం నిజంగా హాయి. అక్కడ ఇసుకలో తెల్లగా కనిపించే కట్టడం కార్ల్ ష్మిట్ స్మారకం. 1930 డిసెంబరు 30న ఇతరుల ప్రాణాలు కాపాడబోయి అదే చోట మునిగిపోయిన మనిషి జ్ఞాపకంగా కట్టింది. దాని ముందు ఫొటోలు దిగేవాళ్ళలో ఎంతమంది ఆ రాత చదువుతారో గానీ, నేనైతే దాన్ని ఒక సైన్‌బోర్డులాగే చూస్తాను.

ఇక వేళ సంగతి. నన్నడిగితే అసలు విషయమంతా ఇదే, మిగతాది ఉప్పూ కారం.

పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీద గాలి తేలికై పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అందుకే ఎండ బాగా ఉన్న రోజుల్లో చాలా తీరాల్లో పొద్దున 10, 11 దాటాక సముద్రం నుంచి గాలి మొదలై, మధ్యాహ్నం 2, 3 గంటలకి బాగా ముదిరి, పొద్దు కుంకేసరికి తగ్గుతుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి తిరగబడి నేల నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది, అప్పుడు నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి. మీరు 3 గంటలకి వెళ్ళారు కదా, అంటే గాలికి ఇసుక మొహాన కొట్టే వేళ, పుస్తకం పేజీలు ఆగని వేళ, కెరటాలు చిందరవందరగా ఉండే వేళ. తెల్లవారాక మొదటి రెండు గంటలు, లేదా పొద్దు కుంకే ముందు గంట, ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. ఊరివాళ్ళని గమనించండి, ఆ రెండు వేళల్లోనే దొరుకుతారు, మధ్యాహ్నం దొరికేది మనలాంటి కొత్తవాళ్ళు.

(పొద్దున వీచే ఆ నేలగాలికి ఒక చెడ్డ గుణం ఉంది. గాలి ఊదిన రబ్బరు పడవలు, ట్యూబుల మీద పిల్లల్ని కూర్చోబెడితే మెల్లగా, చప్పుడు లేకుండా లోపలికి తోసేస్తుంది. నీళ్ళు నున్నగా ఉన్నాయని పెద్దవాళ్ళు ఫోను చూసుకుంటూ ఉంటారు. నేను వాలంటీరుగా ఉన్నప్పుడు మేం పరుగెత్తినవాటిలో చాలా భాగం ఇవే. ట్యూబుకి తాడు కట్టి ఆ కొస మీ చేతిలో ఉంచుకోండి, లేదా అసలు తేకండి.)

రెండోది ఆటుపోట్లు. దీనికి యాప్ అవసరం లేదని అనను, యాప్ మంచిదే, కానీ గోడ మీది క్యాలెండర్‌తో కూడా చాలావరకు పని జరుగుతుంది. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు (నీళ్ళు పైకి రావడం), రెండు ఆట్లు (నీళ్ళు వెనక్కి తీయడం), పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకని ఇవాళ పొద్దున 6 గంటలకి పోటైతే రేపు దాదాపు 6:50కి అవుతుంది, అలా రోజూ ఒక 50 నిమిషాలు జరుగుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు బాగా పైకి వచ్చి బాగా కిందికి పోతాయి, అష్టమి చుట్టుపక్కల ఆ తేడా తగ్గుతుంది. ఇంకో చిట్కా, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది: రోజుకి రెండు పోట్లు వచ్చే తీరంలో, ఏ చోటికాచోట పౌర్ణమినాటి పోటు ఎప్పుడూ ఇంచుమించు ఒకే గంటకి వస్తుంది, అమావాస్యకీ అదే గంట. మీ బీచ్‌లో ఆ గంట ఏదో ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకుంటే, తర్వాత తిథి తెలిస్తే చాలు, మిగతా రోజులు వేళ్ళ మీద లెక్క. చేపలు పట్టేవాళ్ళు టైం అడక్కుండా చెప్పేస్తుంటే మొదట్లో నేను నోరెళ్ళబెట్టేవాణ్ణి. మధ్యధరా లాంటి సముద్రాల ఒడ్డున చాలాచోట్ల ఈ తేడా అడుగు కూడా ఉండదు, అక్కడ ఇదంతా వదిలేయొచ్చు.

ఇదంతా ఎందుకంటే, అదే బీచ్ ఆటు వేళ ఒకటి, పోటు వేళ ఇంకొకటి. నీళ్ళు తీసినప్పుడు గట్టి తడి ఇసుక బయటపడుతుంది, నడకకి అంతకంటే మంచి నేల ఉండదు. పొడి ఇసుకలో నడవాలంటే గట్టి నేల మీద కంటే రెండింతల పైగా శ్రమ, పది నిమిషాల్లో పిక్కలు పట్టేస్తాయి. పోటు వేళ కొన్ని బీచ్‌లలో కూర్చోవడానికే చోటు మిగలదు, గోడకి ఆనుకుని నిలబడాలి. మీరు వెళ్ళిన అరగంటలో ఏమీ లేదనిపించిందంటే బహుశా నిండు పోటులో వెళ్ళి ఉంటారు, బీచ్ సగం నీళ్ళ కింద ఉన్నప్పుడు. అన్నట్టు తడి ఇసుక మీద నడిచేటప్పుడు నేల ఒక పక్కకి వాలి ఉంటుంది, ఒక మోకాలికే భారం పడుతుంది, అందుకని వెళ్ళిన దారినే వెనక్కి రండి, రెండో కాలికీ దాని వంతు అందుతుంది.

ఇప్పుడు నీళ్ళు. ఇది కాస్త వివరంగా రాస్తాను.

నా మొదటి ఏడాది జరిగింది చెప్తాను. ఒక చిన్న నగరపు బీచ్, పొద్దున 7 గంటలు, అటూ ఇటూ తెల్లగా కెరటాలు విరుగుతున్నాయి, మధ్యలో ఒక 10 మీటర్ల మేర నీళ్ళు నున్నగా, కాస్త ముదురు రంగులో ఉన్నాయి. ఈత కొత్తగా వచ్చినవాడికి అంతకంటే ఏం కావాలి, కెరటాల్లేని చోటు దొరికిందని అక్కడే దిగాను. రెండు నిమిషాల్లో వెనక్కి తిరిగి చూస్తే నా చెప్పులు ఎక్కడో దూరంగా చుక్కల్లా ఉన్నాయి. ఒడ్డువైపు ఈత కొట్టాను, కొట్టిన కొద్దీ ఒడ్డు దగ్గర పడటం లేదు. ఆ క్షణం వచ్చే టెన్షన్ మాటల్లో చెప్పలేను, ఊపిరి మన మాట వినదు. ఒడ్డున రోజూ నడిచే ఒక పెద్దాయన చేతులు రెండూ పక్కకి చాపి "పక్కకి, పక్కకి" అని సైగ చేశాడు. పక్కకి కొట్టాను, కెరటాలు విరిగే చోటికి చేరగానే అవే నన్ను ఒడ్డుకి తోశాయి. బయటపడ్డాక ఆయన ఒక్క మాట కూడా తిట్టలేదు, "నున్నగా ఉంటే దిగకూడదు" అని నడక సాగించాడు.

దాన్నే రిప్ కరెంట్ అంటారు. కెరటాలు ఒడ్డుకి తెచ్చి పోసిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి కదా, ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ పల్లం దొరికితే అక్కడ కాలువలా కట్టకట్టుకుని పోతాయి. పల్లం కాబట్టి అక్కడ కెరటం విరగదు, విరగదు కాబట్టి నున్నగా కనపడుతుంది, నున్నగా కనపడుతుంది కాబట్టి కొత్తవాళ్ళు అక్కడే దిగుతారు. సిడ్నీ బాండీ బీచ్ దక్షిణం కొసన ఇలాంటిది ఎప్పుడూ ఉంటుంది, దానికి "బ్యాక్‌ప్యాకర్స్ రిప్" అనే పేరు పడిపోయింది, ఎందుకంటే బస్సు దిగిన పర్యాటకులు దగ్గరగా ఉందని తిన్నగా అందులోకే నడుస్తారు. తెలిసినవాళ్ళు లైఫ్‌గార్డులు పాతిన జెండాల మధ్యకి పోతారు. సాధారణ రిప్ మనం నడిచే వేగం కంటే తక్కువే, కానీ ముదిరితే సెకనుకి 2 మీటర్లు దాటొచ్చు, ఒలింపిక్ ఈతగాడికి కూడా ఎదురీదడం కష్టం. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకెళ్తుంది, మునిగేది ఎదురీది అలిసిపోయినవాళ్ళు. అందుకని చిక్కుకుంటే ముందు వెల్లకిలా తేలండి, చెయ్యి ఎత్తి పిలవండి, ఓపికుంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది తెల్లటి నురుగున్న వైపు వెళ్ళండి. ఈత రానివాళ్ళకి ఒకటే సలహా, నడుము లోతు దాటకండి, సముద్రానికి వెనుదిరిగి నిలబడకండి. రాళ్ళ కట్టలు, జెట్టీల పక్కన కూడా ఇలాంటి లాగుడు తరచుగా ఉంటుంది, ఫొటోలకి అందరూ ఎంచుకునేది కూడా ఆ రాళ్ళనే.

కొత్త బీచ్‌కి వెళ్ళగానే నేను నీళ్ళలో దిగను. కాస్త ఎత్తున నిలబడి ఒక పది నిమిషాలు ఊరికే చూస్తాను. అలలు ఒకే తీరుగా రావు, గుంపులుగా వస్తాయి, కాసేపు చిన్నవి, తర్వాత నాలుగైదు పెద్దవి. చిన్నవి వచ్చే ఆ కాస్త సేపు చూసి "సముద్రం ప్రశాంతంగా ఉంది" అనుకుని దిగేవాళ్ళు తర్వాతి గుంపుకి దొరికిపోతారు. లైఫ్‌గార్డు ఉంటే వెళ్ళి "ఇవాళ ఎటు పక్క బాగుంది?" అని అడగండి, రోజంతా ఎవరూ అడగని ప్రశ్న అది, సంతోషంగా చెప్తారు. జెండాలు చాలా దేశాల్లో ఒకే రకం: పైన ఎరుపు కింద పసుపు ఉన్న రెండు జెండాల మధ్య ఈత కొట్టొచ్చు, అక్కడ కాపలా ఉంటుంది. ఒక ఎర్రజెండా ఉంటే ప్రమాదం, రెండు ఎర్రజెండాలుంటే నీళ్ళలోకి అసలు వద్దు. ఊదారంగు ఉంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని. జెల్లీ కుడితే మాత్రం ఇసుకతో రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి, సముద్రపు నీళ్ళతో కడిగి లైఫ్‌గార్డు దగ్గరికి వెళ్ళండి, ఎందుకంటే ఒక రకానికి పనికొచ్చే మందు ఇంకో రకానికి మంట పెంచుతుంది, ఆ తీరంలో ఏవి తిరుగుతాయో వాళ్ళకే తెలుసు.

నగరపు బీచ్ కాబట్టి ఇంకొకటి. పెద్ద వాన పడ్డాక ఒకటి నుంచి మూడు రోజులు నీళ్ళలో దిగకండి. వీధుల్లో ఉన్నదంతా, చెప్పనక్కర్లేదు ఏముంటుందో, కాలువల వెంట వచ్చి అక్కడే కలుస్తుంది. కాలువ నోరు ఎక్కడుందో చూసుకుని దానికి దూరంగా ఉండటం ఎండాకాలంలో కూడా మంచి అలవాటే. వాన వెలిసిన సాయంత్రం మాత్రం ఒడ్డున నడవడానికి వెళ్ళండి, ఆకాశం కోసం.

ఎండ గురించి రెండే మాటలు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే ఎండ చురుకైనదని అర్థం, నీడలోకి పొండి. గొడుగు వేసుకున్నాం కదా అనుకోవద్దు, పొడి ఇసుక దాదాపు 15 శాతం, నురుగు 25 శాతం దాకా అతినీలలోహిత కిరణాల్ని మళ్ళీ మన మీదికే తిప్పి కొడతాయి. సన్‌స్క్రీన్ రాసుకుంటే రెండు గంటలకోసారి, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి.

సామాను. మీ లిస్టు చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి, కుర్చీలు, చల్లపెట్టె, స్పీకరు, రెండు పుస్తకాలు, కెమెరా. వాటిని మోయడం, కాపలా కాయడం, ఇసుక దులపడం, దీనికే మీ సాయంత్రం అయిపోయింది. ఒక పాత లుంగీయో పల్చటి దుప్పటో, నీళ్ళ సీసా, టోపీ, తాళంచెవి, ఇంతే తీసుకెళ్ళండి. పోయినా బాధపడని వస్తువులు తీసుకెళ్తేనే కళ్ళు మూసుకుని పడుకోగలం. తువ్వాలు కంటే పల్చటి నేత గుడ్డ మేలు, ఇసుక పట్టదు, పది నిమిషాల్లో ఆరుతుంది. స్పీకరు మాత్రం దయచేసి వద్దు. ఊరివాళ్ళ బీచ్‌లో ఎవరూ నోరు తెరిచి చెప్పరు గానీ, పాట పెట్టినవాడి చుట్టూ మెల్లగా ఖాళీ అయిపోతుంది, వాడికి కారణం తెలియదు.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా ఒక విద్యే. పాచి, గవ్వలు, పుల్లలు ఒక గీతలా పడి ఉంటాయి చూడండి, కిందటి పోటుకి నీళ్ళు అక్కడిదాకా వచ్చాయని గుర్తు. దానికి పైన కూర్చుంటే మామూలుగా లేవాల్సిన పని పడదు. లైఫ్‌గార్డు టవర్‌కీ నీళ్ళకీ మధ్య కూర్చోకండి, వాళ్ళు పరుగెత్తాల్సిన దారి అది. బీచ్ అంతా ఖాళీగా ఉన్నప్పుడు పోయి పోయి ఒకరి పక్కనే దుప్పటి పరవకండి. రోజూ వచ్చేవాళ్ళకి తమ చోటు అంటూ ఒకటి ఉంటుంది, చట్టప్రకారం కాదనుకోండి. చట్టానికొస్తే సముద్రపు ఒడ్డు అందరిదీ అన్న మాట క్రీ.శ. 533 నాటి, రోమన్ చక్రవర్తి జస్టీనియన్ న్యాయగ్రంథంలోనే ఉంది, గాలి, పారే నీళ్ళు, సముద్రం, దాని ఒడ్డు అందరికీ ఉమ్మడి అని. అయినా ఆ గోడ మూలన పదేళ్ళుగా కూర్చుంటున్న ముసలాయన చోట్లో మీరు పోయి కూర్చుంటే రోమన్ చట్టం మిమ్మల్ని ఆ చూపు నుంచి కాపాడదు. ఒకటి రెండు వారాలు అదే వేళకి వెళ్ళండి, తల ఊపుతారు. నెల తిరిగేసరికి "ఇవాళ నీళ్ళు చల్లగా ఉన్నాయి" అంటారు. అక్కడి స్నేహాలు చాలావరకు ఆ ఒక్క వాక్యం మీదే ఏళ్ళు నడుస్తాయి, పేర్లు కూడా తెలియవు, అందులో ఒక సుఖం ఉంది.

ఇంక "అక్కడ ఏం చేయాలి" అన్న మీ అసలు బాధ. పుస్తకం పెద్దగా పనిచేయదు, వెలుతురు ఎక్కువ, గాలి ఎక్కువ. నేను చేసేది చెప్తాను, పిచ్చి అనుకున్నా ఫర్వాలేదు, అలలు లెక్కపెడతాను. ఒక అల విరిగినప్పటి నుంచి తర్వాతి అల విరిగేదాకా ఎన్ని సెకన్లో చూస్తాను. అయిదారు సెకన్లకోసారి తోసుకుంటూ వస్తుంటే అవి దగ్గరలో ఇవాళ్టి గాలికి పుట్టినవి. 12, 14 సెకన్లు ఆగి, బరువుగా, వరసలు వరసలుగా వస్తుంటే ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల రోజుల కిందట రేగిన తుఫాను పంపినవి కావచ్చు. ఇక్కడ గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది, అయినా కెరటం కాళ్ళకి తగిలి వెనక్కి నెడుతుంది. అలాంటి రోజు నీళ్ళలోకి వెళ్ళేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి, పొడవాటి అల పైకి కనపడేదానికంటే ఎక్కువ నీళ్ళు తెస్తుంది.

ఆటు వేళ అయితే తడి ఇసుక మీద వంగి చూడండి. కొన్ని తీరాల్లో ఆవగింజలంత, మిరియాలంత ఇసుక ఉండలు వందలకొద్దీ ముగ్గు చుక్కల్లా పరిచి ఉంటాయి, మధ్యలో ఒక చిన్న బొరియ. చిన్న పీతలు ఇసుకని నోట్లో పెట్టుకుని అందులో తినేది తినేసి మిగతాది ఉండ చుట్టి పక్కన పెడతాయి, మళ్ళీ పోటు వచ్చి అంతా తుడిచేస్తుంది, రేపు మళ్ళీ మొదలు. కదలకుండా రెండు నిమిషాలు నిలబడితే బొరియలోంచి బయటికి వస్తాయి, మీ నీడ కదిలితే ఒక్కసారిగా మాయం. మా అబ్బాయి చిన్నప్పుడు దీని ముందు గంట సేపు నిలబడ్డాడు, ఫోను అడగకుండా, అది రికార్డు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి: గోతులు తవ్వుకోనివ్వండి, కానీ అందరిలో చిన్నపిల్ల మోకాలి లోతు దాటనివ్వకండి, ఇసుక గోడలు హెచ్చరిక లేకుండా కూలతాయి, మీద పడితే లాగడం చాలా కష్టం. లేచేటప్పుడు గొయ్యి పూడ్చండి, చీకట్లో నడిచేవాడి చీలమండ విరగ్గొట్టడానికి అదొక్కటి చాలు.

మీకు నేను చెప్పే పద్ధతి ఇది. వచ్చే వారం మూడు రోజులు, పొద్దున, 30 నిమిషాలే, గడియారం పెట్టుకుని వెళ్ళండి, ఇంకా ఉండాలనిపించినా లేచి వచ్చేయండి. ఫోను ఇంట్లో లేదా బండిలో పెట్టండి. మొదటి రోజు నీళ్ళలోకి దిగకుండా చూడటమే. రెండో రోజు మోకాలి లోతు. మూడో రోజు ఎవరైనా ఈత కొట్టే పెద్దవాళ్ళు కనపడితే ఎక్కడ దిగుతున్నారో, ఎక్కడ తేలుతున్నారో చూసి రండి. నాలుగోసారి వెళ్ళాలా వద్దా అన్నది అప్పుడు మీరే తేల్చుకోండి, సముద్రం అందరికీ పడదు, నా స్నేహితుల్లో ఇద్దరికి కొండలే ఇష్టం, వాళ్ళతో వాదించడం మానేశాను.

చివరగా, బండి నిండా ఇసుక అవుతోందని కూడా రాశారు. తడి కాళ్ళు దులపకండి, దులిపిన కొద్దీ పట్టుకుంటుంది. గోడ మీద కూర్చుని అయిదు నిమిషాలు ఆరనివ్వండి, పొడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే దానంతటదే రాలిపోతుంది. ఆ అయిదు నిమిషాలు కూడా మీ 30 నిమిషాల్లో కలిపే చెప్పాను.